మరాయన తెచ్చిన దుబాసీ

దొంగ వరద వచ్చిన ఏడు జరిగిందిది. ఊళ్ళో రెండు వరదల గురించి చెప్పుకుంటారు. పెద్ద వరద చెప్పి మరీ వచ్చింది. రోజుల తరబడి వాన కురిసి, ఏరు ఉబ్బి, అందరూ చూస్తుండగా వచ్చింది. దొంగ వరద అలా కాదు. చుక్క వాన లేదు. ఎక్కడో ఎగువన ఆనకట్ట తలుపులెత్తేశారు. నీళ్ళు పిల్లిలా వచ్చి పల్లపు వీధిలో మంచాల కింద దూరాయి.

దూరే ముందు ఓ జీపు మైకు పెట్టుకుని వీధి వీధీ తిరిగింది, ఇళ్ళు ఖాళీ చెయ్యండహో అని. విన్నవాళ్ళు మూటాముల్లే సర్దుకుని మిట్టకెక్కారు. పల్లపు వీధిలో చెవులు వినపడని వాళ్ళు కొందరున్నారు. వాళ్ళకి అది ఒట్టి జీపే. మర్యాదగా పక్కకి తప్పుకుని దారిచ్చారు. నీళ్ళు మంచం కోళ్ళకి తగిలాక లేచారు. ప్రాణాలైతే పోలేదు గానీ పరువు పోయింది. వాళ్ళది కాదు, ప్రభుత్వానిది. పేపర్లలో రాశారు. పైవాళ్ళు నాలిక్కరుచుకుని ఓ పథకం తెచ్చారు.

వినపడని వాళ్ళు ఎక్కువున్న ఊళ్ళో ఓ కార్యాలయం పెడతారు. అందులో ఓ దుబాసీ ఉంటారు. ఆస్పత్రిలోనో, బ్యాంకులోనో, సర్కారీ కచేరీలోనో చెవిటివాళ్ళ చేతులు చూసి నోటితో చెప్పడం, నోటి మాట విని చేతులతో చెప్పడం ఆ మనిషి పని. ఇంకొకరు తరఫు మనిషి. చెవిటివాళ్ళ మాట ఎవరూ లెక్కచెయ్యకపోతే పక్కన నిలబడి లెక్కచేయించాలి. జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. కాకపోతే అవసరం నిజంగా ఉందా లేదా అని ముందు ఓ అధికారి వచ్చి కళ్ళారా చూసి రాయాలి.

ఈ కబురు చెవిన పడగానే ఊరందరికన్నా ముందు ఎగిరి గంతేసినవాడు మరాయన.

పిండిమర నడుపుతాడు గనక మరాయన. తండ్రి పెట్టిన మర. అన్నదమ్ములిద్దరూ అందులోనే పెరిగారు. తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. మరలో అది పెద్ద లోటుగా ఎప్పుడూ కనపడలేదు, ఎందుకంటే మోటారు వేస్తే అక్కడ ఎవడికీ వినపడదు. యజమానీ, కూలీ, పిండికొచ్చిన ఆడవాళ్ళూ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలెత్తితే ఆపమని. అరచేతులు రుద్దితే మెత్తగా, వేళ్ళ మధ్య నలిపితే బరకగా. భుజం తడితే బస్తా. బొటనవేలు వెనక్కి చూపిస్తే తర్వాతి గిరాకీ. పొట్ట తడితే అన్నానికి. ఈ సైగలన్నీ అన్నదమ్ముల చేతుల్లో నలిగి నలిగి మెరుగెక్కాయి. తండ్రి పోయాక బ్యాంకుకి వెళ్ళినా, డాక్టరు దగ్గరకెళ్ళినా, ఇంటి పన్ను కట్టబోయినా తమ్ముడి పక్కన మరాయనే. వాడి తరఫున చెప్పేదీ మరాయనే, వినేదీ మరాయనే, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించేదీ మరాయనే.

"మావాడు నోట్లో నాలుక లేనివాడండీ. వాడి నాలుక నా నోట్లోనే ఉంది" అనేవాడు. అని కాస్త ఆగేవాడు, ఎదుటివాడు మెచ్చుకోడానికి వీలుగా.

ఊళ్ళో చెవిటివాళ్ళ సంక్షేమ సంఘం అని ఒకటుంది. దానికి అధ్యక్షుడు మరాయన. కార్యదర్శి ఆయన బావమరిది. మిగిలిన కార్యవర్గం బావమరిది స్నేహితులు. వీళ్ళలో వినపడని వాడు ఒక్కడూ లేడు. ఎవరైనా అడిగితే, "వాళ్ళని పెడితే సమావేశంలో ఏం మాట్లాడుకున్నామో వాళ్ళకెలా తెలుస్తుందండీ?" అనేవాడు బావమరిది. అడిగినవాళ్ళు నిజమే కదా అని వెళ్ళిపోయేవాళ్ళు.

దుబాసీ కావాలని మరాయన అర్జీలు పెట్టబట్టి ఏళ్ళయింది. చెప్పులరిగేలా తిరిగాడు. అది మాత్రం అబద్ధం కాదు. మొదట్లో తమ్ముడి కోసమే తిరిగాడు. ఆస్పత్రిలో ఓసారి తమ్ముడికి కడుపు నొప్పయితే పంటి డాక్టరు దగ్గర కూర్చోబెట్టారు, ఆ కోపంతో మొదలుపెట్టాడు. అయితే తిరగ్గా తిరగ్గా పని ఒకటి, మనసు ఒకటి అయ్యాయి. పాకెట్ల పిండి వచ్చి మరకి గిరాకీ పడిపోయింది. దొంగ వరదకి మోటారు తడిసి మూలిగింది. ఈలోగా పథకం వచ్చింది. దుబాసీ ఉద్యోగం వస్తే తనకి కాక ఇంకెవరికొస్తుంది? ఊళ్ళో సైగలు తెలిసిన మొనగాడు తనే. నీడపట్టున కుర్చీ, నెలనెలా జీతం. ఇక ఈ మరెందుకు?

పక్కనున్న టింబరు డిపో ఆయన మర స్థలం మీద ఎప్పట్నుంచో కన్నేశాడు. మరాయన మాటిచ్చేశాడు. డిపో ఆయన టేపు తెచ్చి గోడలు కొలుచుకుని కూడా పోయాడు.

ఈ సంగతి తమ్ముడికి చెప్పలేదు. పైగా మరలో సగం తమ్ముడిదే. ఇంటావిడ ఒక్కతే అడిగింది.

"మరిదికి చెప్పారా?"

"చెప్తాలే."

"ఎప్పుడు? మర రాళ్ళు పీకేటప్పుడా?"

"నీకేం తెలుసు? వాడికి ఇలాంటివి చెప్పాలంటే టైము చూసుకోవాలి. మర అమ్మడానికి సైగేది మా దగ్గర?"

"లేకపోతే కనిపెట్టండి. అన్నానికి కనిపెట్టారుగా."

మరాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వీధిలోకెళ్ళిపోయాడు. జవాబు లేనప్పుడు ఆయన తువ్వాలు దులుపుతాడు.

*

తనిఖీ అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. సంఘానికి వేరే ఆఫీసు లేదు, మర ముందు గదే ఆఫీసు. ఆ రోజు మర ఆపారు. గోడల మీద పిండి దులిపారు. బస్తాలు వెనక్కి నెట్టి బెంచీలు వేశారు. చెవిటివాళ్ళు ఓ పదిమంది దాకా వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ముందు వరసలో కుట్టుమిషనావిడ. పల్లపు వీధిలో బట్టలు కుడుతుంది. దొంగ వరదలో మిషను నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో బయటపడ్డ మనిషి. ఆమె పక్కన తమ్ముడు, ఉతికిన చొక్కా వేసుకుని.

మరాయనకి ఆ పొద్దున ఓ ధర్మసందేహం వచ్చింది. బావమరిదిని పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, నేను బాగా చెప్తే, ఈయన ఇంత బాగా చెప్తుంటే ఇంక ఆఫీసెందుకు అంటాడేమో?"

"అంటాడు బావా."

"బాగా చెప్పకపోతే, వీడికేం వచ్చని ఉద్యోగమివ్వాలి అంటాడు."

"అదీ అంటాడు."

"మరేం చెయ్యమంటావు?"

బావమరిది గడ్డం గోక్కున్నాడు. "మధ్యస్తంగా చెప్పు."

అధికారి వచ్చాడు. లావుపాటి మనిషి, మెట్లెక్కేసరికే ఆయాసం. వెనకే ఓ సన్నటి ఆవిడ వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఓ మూల బస్తా మీద కూర్చుంది. నల్లచీర. బస్తా పిండి అంటి తెల్లచీర అవుతుంటే దులుపుకోలేదు. అధికారి గారి గుమస్తా అనుకున్నాడు మరాయన. "అమ్మా, కాస్త ఆ కిటికీ తియ్యండి" అన్నాడు. ఆవిడ లేచి కిటికీ తీసి మళ్ళీ కూర్చుంది.

అధికారి చెమట తుడుచుకున్నాడు. "మీరేనా సంఘం అధ్యక్షులు? సైగలు వచ్చా మీకు?"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సార్. మా తమ్ముడితో నేను మాట్లాడనిది లేదు."

"మంచిది. ఈయనేనా? ఈయన్నే అడుగుదాం. ప్రభుత్వం ఈ ఊళ్ళో దుబాసీ కార్యాలయం పెట్టాలనుకుంటోంది, అది మీకు ఉపయోగమేనా అని అడగండి. నిదానంగా అడగండి, తొందరేం లేదు."

మరాయన ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులెత్తాడు. ఎత్తాక అర్థమైంది, ప్రభుత్వానికి మరలో సైగ లేదని. ఉపయోగానికీ లేదు. కార్యాలయానికీ లేదు. ఇన్నేళ్ళూ వాటితో అవసరం పడలేదు. అయితే మాత్రం వెనక్కి తగ్గేవాడా? అధికారిని చూపించాడు. చేతులు బార్లా చాపి పెద్దవాడన్నాడు. వేళ్ళు రుద్ది డబ్బున్నవాడన్నాడు. నేల చూపించి ఇక్కడ అన్నాడు. గోడలు చుట్టూ చూపించాడు, గది కదా. గుప్పిట మూసి దగ్గరకి లాక్కున్నాడు, తీసుకుంటాడని. బొటనవేలు పైకెత్తి మంచిదన్నాడు. ఆఖర్న తమ్ముడి గుండె మీద వేలు పెట్టి కనుబొమలెగరేశాడు.

తమ్ముడి మొహం పాలిపోయింది. వాడు అధికారిని చూశాడు, గోడలు చూశాడు, అన్నని చూశాడు. తర్వాత చేతులు కదిపాడు. చాలాసేపు కదిపాడు. మధ్యలో లేచి నిలబడ్డాడు. రాళ్ళు చూపించాడు, తన అరచేతులు చూపించాడు, తండ్రి ఫొటో ఉన్న గోడ చూపించాడు. కుట్టుమిషనావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాడు కూర్చునేసరికి చొక్కా చెమటతో వీపుకి అంటుకుంది.

మరాయన అధికారి వైపు తిరిగాడు.

"అవునంటున్నాడు సార్."

"ఇంతసేపూ అవుననేనా?"

"చాలా సంతోషమంటున్నాడు. ప్రభుత్వం వారికి దండాలు చెప్పమన్నాడు."

అధికారి బస్తా మీదావిడ వైపు చూశాడు. "ఏమమ్మా?"

ఆవిడ లేచింది. అప్పుడు చెప్పాడు అధికారి, ఆవిడ మా శాఖ దుబాసీ, తల్లీతండ్రీ ఇద్దరూ వినపడని వాళ్ళే, ఈ భాషలోనే పెరిగింది అని. మరాయన కిటికీ వైపు చూశాడు. తను కిటికీ తియ్యమన్నది గుర్తొచ్చింది.

"ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్తాను" అంది దుబాసీ. గొంతు సవరించుకుంది. "'ఈ లావుపాటాయన ఎవరు? మర కొనడానికొచ్చాడా? డబ్బున్నవాడు, ఈ చోటు తీసుకుంటాడు, మంచిదేగా అని నన్నడుగుతున్నావా అన్నయ్యా? మొన్న డిపో ఆయన టేపు పెట్టి కొలుస్తుంటే అనుకున్నాను. నేను ఈ మరలో మీసాలు రాకముందు నుంచీ పనిచేస్తున్నాను. ఈ రాళ్ళకి గాట్లు కొట్టి కొట్టి నా అరచేతులు కాయలు కాశాయి. నాన్న నీకొక్కడికే ఇచ్చాడా? అమ్మేశాక నేనెక్కడికి పోవాలి? అమ్మేది అమ్మేసి, పదిమంది ముందు కూర్చోబెట్టి, మంచిదేగా అంటావా?' అయిపోయింది. ప్రభుత్వానికి దండాలు నాకు కనపడలేదు."

బావమరిది మరాయన చెవిలో గుసగుసలాడాడు. "ఈవిడెప్పుడు పనిచేసింది బావా మన మరలో?"

"నోర్ముయ్. అవి వాడి మాటలు."

గది నిండా నిశ్శబ్దం. అంటే వినపడేవాళ్ళ వైపు. బెంచీల వైపు చేతులన్నీ ఒక్కసారే లేచి గోలగోలగా ఉంది.

మరాయన తేరుకున్నాడు. గట్టిగా నవ్వాడు. "అయ్యో, పిచ్చివాడు సార్. అపార్థం చేసుకున్నాడు. మర అమ్మడమేంటి! మా ప్రాణం ఇది. సైగలన్నాక ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి."

దుబాసీ ఆ మాటలన్నీ చేతుల్లో పెట్టింది. తమ్ముడు చూశాడు. గుండెల నిండా ఊపిరి తీసుకుని బెంచీకి జారగిలబడ్డాడు. పెదాల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. అధికారికీ నవ్వొచ్చింది. గండం గడిచినట్టే.

"ఇకనుంచి ఈవిడే చెప్తుంది, మనం నిదానంగా మాట్లాడుకుందాం" అన్నాడు అధికారి.

"ఒక్క మాట" అంది దుబాసీ. "మా పనికో పద్ధతుంది. ఈ గదిలో ఎవరు ఏమన్నా చెప్తాను. వినపడేవాళ్ళకి ఏమేం వినపడతాయో వీళ్ళకీ అవన్నీ తెలియాలి. నాకు నచ్చింది చెప్పడం, నచ్చనిది మానడం ఉండదు. అందరికీ ముందే చెప్తున్నాను."

"అలాగేనమ్మా" అన్నాడు మరాయన. విన్నాడు. కానీ చెవిటివాళ్ళ ముందు నోటికొచ్చింది మాట్లాడుకోవడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. పుట్టినప్పట్నుంచీ వాళ్ళెదురుగా మాట్లాడినా వాళ్ళ చాటున మాట్లాడినట్టే. అధికారి నీళ్ళు తాగుతుంటే బావమరిది వైపు వంగాడు. గొంతు తగ్గించాలని కూడా తోచలేదు.

"వీడికెలా తెలిసిందిరా డిపో వాడి సంగతి? నేను మాటిచ్చింది ఎవడు చెప్పాడు వీడికి?"

"ఏమో బావా, టేపు చూశాట్టగా."

"సరేలే. ఇవాళ్టికి అమ్మట్లేదనే అనిపించేద్దాం. ఉద్యోగం చేతికొచ్చాక, రాళ్ళు పీకించేసి, అప్పుడు చెప్పుకోవచ్చు. వాడేం చేస్తాడు, ఎవరికి చెప్పుకుంటాడు?"

అంటూ తలెత్తాడు. బెంచీల మీద ఒక్కరూ తనవైపు చూడట్లేదు. అందరూ తన భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. వెనక్కి తిరిగాడు. దుబాసీ చేతులు అప్పుడే ఆగుతున్నాయి. ఎవరికి చెప్పుకుంటాడు అన్న చోట రెండు చేతులూ విప్పి అలాగే ఉంచింది. ఆవిడ మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. మరాయన మొహం ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది.

తమ్ముడు అరవలేదు. బెంచీ తన్నలేదు. కుట్టుమిషనావిడ వైపు తిరిగి ఒకే ఒక్క సైగ చేశాడు. ఎడమ పిడికిలి మీద కుడి అరచేయి బోర్లించి అదిమాడు. బెంచీలన్నీ పగలబడి నవ్వాయి.

"ఏంటది? ఏమంటున్నాడు?" అన్నాడు అధికారి.

దుబాసీ కాస్త తటపటాయించింది. పద్ధతి ఆవిడే చెప్పింది గనక తప్పలేదు.

"అది పేరండీ. వీళ్ళలో అందరికీ ఓ సైగ పేరుంటుంది. అది అధ్యక్షుల వారి పేరు."

"అలాగా! అర్థమేంటి?"

"మూత."

"మూతా?"

"గిన్నె మీద పెట్టేది."

అధికారికి పొలమారింది. మరాయన తువ్వాలు దులిపాడు. వెళ్ళడానికి లేదు, అది ఆయన మరే.

ఆ తర్వాత తనిఖీ జోరుగా సాగింది. కుట్టుమిషనావిడ మాట్లాడింది. అరగంట సేపు. ఆస్పత్రి గురించి, బ్యాంకు గురించి, జీపు గురించి. అధికారి రాసుకుంటూనే ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ మరాయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చాలా ఊళ్ళు తిరిగానండీ. అవసరం ఉందని అందరూ చెప్తారు. మీరొక్కరే చూపించారు. ఈ ఊరికి దుబాసీ లేకపోతే ఎంత ప్రమాదమో నా కళ్ళతో చూశాను. మంజూరైనట్టే. మీవల్లేనని రాస్తాను."

"మరి ఆ పోస్టుకి నేను అప్లికేషను..."

"ఆ, చూశాను" అన్నాడు అధికారి, మెట్లు దిగుతూ. ఇంకేం అనలేదు.

*

వినపడని వాళ్ళ అలక ఎలా ఉంటుందో మరాయనకి అప్పుడు తెలిసింది. వినపడేవాడు అలిగితే నోరు మూసుకుంటాడు. మన మాట మాత్రం వాడి చెవిలో పడుతూనే ఉంటుంది, వద్దన్నా. తమ్ముడు అలిగి చూపు తిప్పుకున్నాడు. అంతే. తలుపేసి గడియ పెట్టినట్టే. తిట్టుకోడానికీ లేదు, బతిమాలుకోడానికీ లేదు.

పని మాత్రం మానలేదు. బస్తాలెత్తాడు, తొట్టిలో గింజలు పోశాడు, రాళ్ళు సరిచేశాడు. మరాయన ఎదురుగా వెళ్ళి పిడికిలెత్తితే బెల్టు వైపు చూస్తాడు. నేలని కాలితో తన్నితే, అదురు తెలుస్తుంది గనక, నేల వైపు చూస్తాడు. స్విచ్చి వేసి తీసి వేసి లైటు ఆడిస్తే బల్బు వైపు చూస్తాడు, పాడైందేమో అన్నట్టు.

"వీడికి నా మొహం చూడ్డానికి ఏం రోగమే?" అన్నాడు ఇంటావిడతో.

"మీరు వాడి చేతులు ఇన్నాళ్ళూ ఏ మాత్రం చూశారు?" అంది ఆమె, కూరగాయలు తరుగుతూ. "అరగంట చెప్పిందాన్ని అవునంటున్నాడు అనేవాళ్ళు. మూత మంచి పేరే."

"నీకెవరు చెప్పారు ఆ పేరు?"

"పిండికొచ్చే వాళ్ళంతా చెప్పారు. కూరలమ్మి చెప్పింది. నిన్న ఇస్త్రీ అబ్బాయి కూడా చెప్పాడు, సైగతో సహా."

మరాయన తువ్వాలు కోసం చూశాడు. అది ఉతుకులో ఉంది.

డిపో ఆయన రెండుసార్లు వచ్చిపోయాడు. "ఏవయ్యా, మాటంటే మాటేనా? లారీ చెప్పుకోమంటావా?" అన్నాడు. మరాయన నీళ్ళు నమిలాడు. ఉద్యోగం కాగితం రానీ, అన్నాడు.

కాగితం వచ్చింది. ఆయనకి కాదు. దుబాసీగా ఆ నల్లచీరావిడనే ఈ ఊరికి వేశారు. తరఫు మనిషిగా కుట్టుమిషనావిడని తీసుకున్నారు. మరాయనకి వచ్చిన కాగితంలో రెండే ముక్కలున్నాయి. కార్యాలయం ప్రారంభానికి ముఖ్య అతిథిగా దయచేయవలెను.

*

పాత తపాలా ఆఫీసుకి సున్నం కొట్టి కార్యాలయం చేశారు. రెండు గదులు, ఓ వరండా, వరండాలో బెంచీలు. తలుపు పక్కన గంట లేదు, మీట ఉంది. నొక్కితే లోపల లైటు వెలుగుతుంది. మరాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదికెక్కాడు. తనిఖీ అధికారి ప్రసంగించాడు. "ఈ కార్యాలయం ఈ మహానుభావుడి పుణ్యం. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగారు. తానే స్వయంగా ఉదాహరణగా నిలబడి అవసరాన్ని నిరూపించారు" అన్నాడు. మెచ్చుకున్నాడో కాదో ఆయన మొహంలో తెలియలేదు. దుబాసీ ఆ మాటలు చేతులతో చెప్పింది. బెంచీల మీద వాళ్ళు చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు. అది వాళ్ళ చప్పట్లు.

ముఖ్య అతిథి చేత మొదటి మీట నొక్కించారు. లోపల లైటు వెలిగింది. అందరూ సంతోషించారు.

"ఇక పని మొదలుపెడదాం" అన్నాడు అధికారి. "మొదటి మనిషి ఎవరో రావచ్చు."

తమ్ముడు లేచాడు. నేరుగా కుట్టుమిషనావిడ బల్ల ముందు కూర్చున్నాడు. చేతులు కదిపాడు. ఆవిడ తలూపింది, నాలుగు ప్రశ్నలేసింది, లేచి వేదిక వైపు తిరిగింది. ఆవిడ చేతులకి దుబాసీ గొంతు కలిసింది.

"'మొదటి కేసు తీసుకున్నాం. పిండిమర ఇద్దరన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. ఒకరితో చెప్పకుండా ఇంకొకరు అమ్మకానికి మాటిచ్చారు. మేం తమ్ముడి తరఫున నిలబడుతున్నాం. ఎదుటి పక్షాన్ని పిలవాలి. ఎదుటి పక్షం వారు ఈ ఊళ్ళోనే ఉన్నారా?'"

వినపడేవాళ్ళు నేల చూపులు చూశారు. ఆఖరికి బావమరిది నెమ్మదిగా అన్నాడు.

"ఉన్నారండీ. వేదిక మీదే ఉన్నారు."

అధికారి మరాయన కుర్చీ నుంచి తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. కుట్టుమిషనావిడ ఏమాత్రం తొణకలేదు. ఇవాళ శుభకార్యం కాబట్టి వద్దు, మాట్లాడుకోడానికి వీలైనప్పుడు ఆయన్నే రమ్మనండి, ఈలోగా మర మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని డిపో ఆయనకి మేమే చెప్తాం, అంది.

మరాయన ఇంటికెలా వచ్చాడో ఆయనకే తెలియదు. అరుగు మీద కూలబడ్డాడు. ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది.

"ఏళ్ళ తరబడి తిరిగి తెచ్చానే. నా చేత్తో మీట నొక్కాను" అన్నాడు.

"పని చేస్తోందిగా మరి" అంది ఆమె.

తిట్టిందా, ఓదార్చిందా అని ఆలోచించాడు. గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు తమ్ముడి గది వైపు చూశాడు. తలుపు తీసే ఉంది. తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. పిలవాలనిపించింది. ఏమని పిలవాలి? ఉన్న సైగలన్నీ తిరగేసుకున్నాడు. ఆపు, గింజలు పొయ్యి, ఎత్తు, దించు, మెత్తగా, బరకగా. ఒకటీ పనికొచ్చేది కాదు. అన్నీ పని చెప్పేవే. నీకేం కావాలి అని అడిగేది ఒక్కటీ లేదు.

తెల్లారింది. మరాయన మర తెరవలేదు. ముందు డిపోకి వెళ్ళాడు. డిపో ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. "మర అమ్మట్లేదు" అన్నాడు. ఆయన నోట్లో నురగతోనే ఏదో తిట్టాడు. అర్థం కాలేదు, ఆగి అడగలేదు. అక్కణ్ణుంచి కార్యాలయానికెళ్ళాడు. వరండాలో అప్పటికే నలుగురు చెవిటివాళ్ళున్నారు. ఆయన్ని చూసి ఒకరికొకరు ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. ఏం చెప్పుకున్నారో తెలియలేదు. వాళ్ళ వెనకే బెంచీ చివర కూర్చుని తన వంతు కోసం చూశాడు.

లోపలికి పిలిచారు.

"మీరేంటి బాబాయ్ గారూ? మిమ్మల్ని రమ్మని మేమింకా కబురే పెట్టలేదు" అంది దుబాసీ.

"కేసుకి కాదమ్మా. దుబాసీగా మీరు నాకు కావాలి. మా వాడితో మాట్లాడాలి."

దుబాసీ కుట్టుమిషనావిడ వైపు చూసింది. కుట్టుమిషనావిడ ఆలోచించి తలూపింది. ఎవరినో పంపించారు. తమ్ముడొచ్చాడు, గుమ్మంలో ఆగాడు, అన్నని చూసి చూపు తిప్పుకోబోయాడు. కుట్టుమిషనావిడ కుర్చీ చూపించింది. కూర్చున్నాడు. చూపు మాత్రం దుబాసీ మీదే పెట్టాడు.

"చెప్పండి" అంది దుబాసీ.

"మర అమ్మట్లేదని చెప్పండి. డిపో వాడికి చెప్పేశానని చెప్పండి." చెప్పి ఆగాడు. "అడగకుండా మాటివ్వడం తప్పేనని చెప్పండి. ఇంకా... ఇంక నా దగ్గరేం లేదమ్మా. వాడేమంటాడో చెప్పండి."

"క్లుప్తంగానా?"

"వద్దు. మొత్తం."

తమ్ముడు అన్నని మొదటిసారి తేరిపార చూశాడు. తర్వాత చేతులెత్తాడు. పెద్ద వరద కన్నా ముందు, నాన్న బతికున్నప్పుడు, నన్ను బళ్ళోంచి తీసేసిన రోజు నుంచి మొదలుపెడతాను అన్నాడు. మొదలుపెట్టాడు. దుబాసీ చెప్తూ వచ్చింది. వరండాలో బెంచీ నిండింది, ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. బడి అయింది, ఆస్పత్రి అయింది, వాణ్ణి ఎవరూ అడక్కుండానే తప్పిపోయిన ఓ పెళ్ళి సంబంధం అయింది. ఒకచోట తమ్ముడు ఏదో జోకు వేస్తే కుట్టుమిషనావిడ, దుబాసీ ఇద్దరూ నవ్వారు, దుబాసీ చెప్పాక మరాయనా నవ్వాడు, అది తన మీద జోకే అయినా. ఇంకోచోట ఎవరూ నవ్వలేదు.

దుబాసీ గొంతు బొంగురుపోయింది. మంచినీళ్ళు తాగొస్తానని లేచింది. తిరిగొచ్చేసరికి తమ్ముడి చేతులు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. మరాయన కుర్చీలోంచి కదల్లేదు.

"ఇంకా చాలా ఉందంటున్నారండీ" అందామె.

"కానివ్వండమ్మా" అన్నాడు మరాయన.